చింతవాగు దగ్గర ఎవరూ ఓడిపోలేదు

పిల్లలకు చరిత్ర పాఠం అనగానే ఆవులింతలు వస్తున్నాయని, వాటిని అరికట్టవలసిన బాధ్యత తమ మీదే ఉందని గుర్తించి, బాలల విద్యా ప్రసార సంస్థ వారు ‘రాజ్యం ఎవరిది?’ అనే ఆటల కార్యక్రమం మొదలుపెట్టారు. సంస్థ విజయవాడలో, ఒకప్పుడు పొగాకు గోదాముగా ఉన్న కట్టడంలో ఉండేది. వాన పడితే ఇప్పటికీ ఆ స్టూడియోలో పిల్లలు వరసగా తుమ్ముతారు.

ఆట సులువు. రెండు బడుల నుంచి రెండు జట్లు వస్తాయి. ఒక్కో జట్టు ఒక్కో రాజ్యం. నాయకుడికి అట్టకిరీటం, మిగతావాళ్ళకి స్పాంజి కత్తులు. పూర్ణయ్య అనే పాత నాటకాల నటుడు తెల్లగడ్డం అంటించుకుని ‘చరిత్ర తాత’గా ప్రశ్నలు అడుగుతాడు. తప్పు చెబితే ఆ జట్టు థర్మకోల్ కోటలో ఒక బురుజు కూలుతుంది. బురుజులన్నీ కూలితే, రాజు నిలబడ్డ చెక్క తెరుచుకుని ఆయన మరమరాల గోతిలో పడతాడు. గోతిలో నడుంలోతు మరమరాలు. అందులో పడ్డ పిల్లలు ఒక పట్టాన పైకి వచ్చేవారు కారు. ఒకమ్మాయి జేబులు నింపుకుని వచ్చింది.

ఈ కార్యక్రమాన్ని తయారుచేసేది ఇందుమతి. కాలేజీలో చరిత్ర చెప్పి, వినేవాళ్ళు లేక విసిగి, టీవీలోకి వచ్చిన మనిషి. ఇక్కడ పిల్లలు వింటున్నారు. ఆదివారం పొద్దున కార్యక్రమం వచ్చే వేళకి వీధుల్లో క్రికెట్టు ఆగిపోతోందని ఉత్తరాలు వచ్చేవి. ఆమెకు అంతకన్నా ఏం కావాలి?

అంతా సవ్యంగా సాగుతుండగా ఒక ఆదివారం చింతవాగు యుద్ధం ప్రసారమైంది.

చింతవాగు యుద్ధం గురించి తెలిసినవాళ్ళు తక్కువ. ముళ్ళగిరిని ఏలిన పెద్దిరాజుకీ, సున్నపుకోటను ఏలిన కాచమ నాయకుడికీ మధ్య ఒక వానాకాలం జరిగింది. పెద్దిరాజు గెలిచాడు. కాచమ నాయకుడు ఓడిపోయాడు. కార్యక్రమంలో సున్నపుకోట తరఫున ఆడిన తెనాలి పిల్లవాడు నాలుగు ప్రశ్నలకు తప్పు చెప్పి, కిరీటంతో సహా మరమరాల్లో పడ్డాడు.

మర్నాడు ఆఫీసు గేటు ముందు ఒక షామియానా లేచింది. దాని కింద ‘కాచమ నాయక గౌరవ పరిరక్షణ సమితి’ అనే గుడ్డ కట్టి, సున్నపుకోట నుంచి వచ్చిన జనం కూర్చున్నారు. సమితి అధ్యక్షుడు కోటిలింగం. ఊళ్ళో ఆయనకు షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం ఉంది. అందుచేత ఆ నిరసనలో అందరికీ కుర్చీలు ఉన్నాయి.

ఇందుమతి బయటికి వెళ్ళింది.

“ఏందమ్మా ఇది? కాచమ నాయకుడంటే ఎవురనుకున్నారు? ఆయన్ని తీసుకెళ్ళి మరమరాల్లో పడేత్తారా?” అన్నాడు కోటిలింగం.

“పడింది కాచమ నాయకుడు కాదండీ, తెనాలి పిల్లవాడు.”

“ఆ పిల్లోడి నెత్తిన మా రాజు కిరీటముందిగా!”

“యుద్ధంలో ఆయన ఓడిపోయిన మాట నిజమేనండీ. శాసనం కూడా ఉంది.”

“ఓడితే ఓడాడు. ఇంట్లో మాట ఇంట్లో ఉండాల గానీ టీవీలో ఏత్తారా? పైగా మరమరాలు! జీడిపప్పులో పడేసినా కాస్త మర్యాదగా ఉండేది.”

జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు మేడమీద డైరెక్టర్ గది దాకా వినిపించింది.

డైరెక్టర్ జగదానందం గారు అంతకుముందు మత్స్యశాఖలో పనిచేశారు. చేపల విషయంలో ఆయన మీద ఒక్క ఫిర్యాదూ రాలేదని ప్రతీతి. ఆయన షామియానా కేసి కిటికీలోంచి చూసి, మధ్యాహ్నం భోజనం మానేసి, సాయంత్రానికల్లా ఒక సర్క్యులర్ జారీ చేశారు.

“గతించిన రాజులు, సామంతులు, పాళెగాళ్ళు మొదలగు వారి గౌరవమునకు భంగము వాటిల్లుచున్నట్లు సంస్థ దృష్టికి వచ్చినందున, ఇకమీదట ఈ సంస్థ ప్రసారములలో ఏ రాజూ ఓడిపోరాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఇప్పటికే ఓడిపోయిన వారి విషయము పరిశీలనలో ఉన్నది.”

ఇందుమతి ఆ కాగితం పట్టుకుని మేడెక్కింది.

“సార్, యుద్ధమంటే ఒకరు గెలవాలి. ఒకరు గెలిచారంటే రెండోవాళ్ళు...”

“ఇద్దరూ గెలుస్తారమ్మా,” అన్నారు జగదానందం గారు శాంతంగా. “ఇది పరిపాలనాపరమైన సమస్య. నేను మత్స్యశాఖలో ఉన్నప్పుడు ఒకే చెరువును రెండు సంఘాలకు కేటాయించాను. ఇరుపక్షాలూ హర్షం వ్యక్తం చేశాయి.”

“తర్వాతేమైందండీ?”

“తర్వాత నాకు బదిలీ అయింది.”

“కాని పిల్లలకి అబద్ధం చెప్పినట్టవుతుంది కదండీ?”

“అబద్ధం కాదమ్మా. సమతుల్య సమాచారం.” ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి. ఆ సమయానికి ఆకుకూరల సాగు మీద ఒక కార్యక్రమం సిద్ధంగా ఉంది. తోటకూర ఎవరి మనోభావాలనూ గాయపరచదు.”

ఇందుమతి తోటకూరను తలుచుకుని దిగి వచ్చేసింది. కార్యక్రమం ఉంటే ఏదో ఒక రోజు నిజం చెప్పుకోవచ్చు, లేకపోతే అదీ లేదు, అని తనకు తాను నచ్చజెప్పుకుంది. ఇలాంటి సంస్థల్లో పనిచేసేవాళ్ళందరూ సాధారణంగా ఇదే మాట చెప్పుకుంటారు.

మరమరాల గోతి మీద శాశ్వతంగా పలకలు బిగించారు. మరమరాలను ఆఫీసు వాళ్ళు పంచుకున్నారు.

కొత్త పద్ధతిలో మొదటి ఆట జరిగింది. “ఫలానా యుద్ధంలో ఎవరు గెలిచారు?” అని చరిత్ర తాత అడిగాడు. “ఇద్దరూ,” అంది ఒక జట్టు. బల్ల మీద గంట మోగింది. రెండో జట్టుకి ఇంకో యుద్ధం వచ్చింది. “ఇద్దరూ,” అన్నారు వాళ్ళు. మళ్ళీ గంట. పిల్లలు తెలివైనవాళ్ళు, మూడో ప్రశ్న తాత నోట్లో ఉండగానే “ఇద్దరూ!” అని అరిచారు. ఆ ప్రశ్న, ఈ కోటకు పునాది వేసిన శిల్పి ఎవరు, అని. అయినా గంట కొట్టేశారు. ఎందుకైనా మంచిదని.

బహుమతి ఒక సైకిలు. రెండు జట్లూ గెలిచాయి కాబట్టి, సైకిలు నెలలో మొదటి పక్షం పలాసలోను, రెండో పక్షం హిందూపురంలోను ఉండాలని జగదానందం గారు ఆదేశించారు. ఆ సైకిలు ఎప్పుడూ రైల్లోనే ఉండేదని తర్వాత తెలిసింది.

ఈ విజ్ఞానం ఇళ్ళలోకి కూడా పాకింది. గుడివాడలో ఒక తండ్రి “లెక్కల పరీక్ష తప్పావట కదరా?” అని అడిగితే, కొడుకు “లేదు నాన్నా, నేనూ లెక్కలూ ఇద్దరం గెలిచాం,” అన్నాడట. ఆ తండ్రి రాసిన ఉత్తరాన్ని జగదానందం గారు ‘ప్రశంసలు’ అనే ఫైల్లో పెట్టించారు.

సున్నపుకోట వాళ్ళు షామియానా విప్పుకుని వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా ముళ్ళగిరి వాళ్ళు వచ్చారు. వాళ్ళకు షామియానా లేదు గానీ ప్లీడరు ఉన్నాడు.

“అయ్యా, మా పెద్దిరాజు గారు గెలిచినది సంపూర్ణ విజయం,” అన్నాడు ప్లీడరు. “తమరు దానిలో సగం తీసి ఓడినవాడికి ఇచ్చారు. మా సగం గెలుపు మాకు తిరిగి ఇప్పించండి.”

జగదానందం గారు ఆలోచించారు. గెలుపు పూర్తిగా ఇస్తే సున్నపుకోటకు కోపం. సగం ఇస్తే ముళ్ళగిరికి కోపం. అసలు మూలంలోనే ఏదో లోపం ఉందని ఆయనకు తట్టింది. మూలం యుద్ధం.

వెంటనే ‘చారిత్రక సామరస్య సంఘం’ ఏర్పడింది. దానిలో ముగ్గురు సభ్యులు. ముగ్గురికీ చరిత్రతో పరిచయం లేదు. నిష్పక్షపాతంగా ఉంటారని అలా ఏరి తీసుకున్నారు. సంఘం కాఫీలు తాగి, టిఫిన్లు చేసి, చింతవాగు దగ్గర యుద్ధం జరగలేదని తీర్మానించింది. ఇరువురు ప్రభువులు అక్కడ ‘సుహృద్భావ వాతావరణంలో సమావేశమైనారు’.

“శాసనంలో ఏనుగులున్నాయి. సమావేశానికి ఏనుగులెందుకు సార్?” అని అడిగింది ఇందుమతి.

“స్నానానికి,” అన్నారు జగదానందం గారు. “వాగు ఉంది. ఏనుగులు ఉన్నాయి. ఇంకేం కావాలి?”

“మరి వేలాది సైన్యం?”

“ఏనుగుల వీపు తోమడానికి. ఏనుగు వీపు చిన్నదా?”

ఆ సమావేశాన్ని స్టూడియోలో చిత్రీకరించారు. ఇద్దరు పిల్లలు రాజుల వేషాల్లో, చేతుల్లో తువ్వాళ్ళతో ఎదురుపడ్డారు. “బాగున్నారా?” అని ఒకరు. “బాగున్నాం, మీరు బాగున్నారా?” అని రెండోవారు. అరగంట కార్యక్రమం నింపాలి కాబట్టి, మంత్రులనూ సేనాపతులనూ గుర్రాలనూ పేరుపేరునా అడిగారు. చరిత్ర తాత మధ్యలో నిద్రపోయాడు. గడ్డం ఊడి ఒళ్ళో పడింది.

ఆ తర్వాత ఇంకెవరో, తమ రాజు చచ్చిపోయాడని పిల్లల చేత చెప్పించడం అమంగళమని రాశారు. దానికీ ఉత్తర్వు వచ్చింది: రాజులు మరణించరాదు, దీర్ఘకాలిక సెలవుపై వెళ్ళవచ్చును. మరుసటి వారం ఒక చిన్నమ్మాయి ఒక మహారాజు గురించి చెబుతూ, ఆయన ముప్పై ఏళ్ళు రాజ్యం చేసి దీర్ఘకాలిక సెలవుపై వెళ్ళారనీ, ఇంకా విధుల్లో చేరలేదనీ అంది.

ఇందుమతి ఇంటికి వెళ్ళి తలుపేసుకుని నవ్వింది. నవ్వి నవ్వి, చివరికి ఏడుపొచ్చి, మొహం కడుక్కుంది.

ఇలా ఉండగా తుది పోటీ దగ్గర పడింది. దాన్ని ప్రత్యక్ష ప్రసారం చేయాలనీ, మంత్రిగారు స్వయంగా వచ్చి కప్పు ఇస్తారనీ కబురొచ్చింది. జగదానందం గారికి ఇస్త్రీ చేసిన ఉత్సాహం పుట్టుకొచ్చింది. వేదిక మీద చింతవాగును నీలం గుడ్డతో వేయించారు. ముందు వరసల్లో కుడివైపు ముళ్ళగిరి వాళ్ళకూ, ఎడంవైపు సున్నపుకోట వాళ్ళకూ చోటిచ్చారు. మంత్రిగారి కళ్ళకు ఇంపుగా ఉండాలని స్పాంజి కత్తులను తిరిగి అనుమతించారు. ‘అలంకార నిమిత్తం మాత్రమే’ అని ప్రతి కత్తికీ చీటీ కట్టారు.

తుది పోటీకి వచ్చిన జట్లు రెండు. సున్నపుకోట తరఫున బందరు పిల్లలు, వాళ్ళకు నాయకురాలు లోహిత. ఏడో తరగతి. రెండు జడలు, అడిగిందల్లా చెప్పేదాకా వదలని స్వభావం. ముళ్ళగిరి తరఫున మదనపల్లె పిల్లలు, వాళ్ళకు నాయకుడు ఫయాజ్. ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. అట్టకిరీటం వాడి తలకు చాలక నెత్తిమీద పిట్టలా కూర్చుంది.

మొదలుపెట్టే ముందు ఇందుమతి మేడమీదికి వెళ్ళి అడిగింది. “సార్, ఒక్క కప్పే ఉంది. ప్రత్యక్ష ప్రసారం. ఫలితం తేలాలి కదా?”

“తేలనివ్వకండి,” అన్నారు జగదానందం గారు.

“తేలకపోతే ఆట ఎలా ముగుస్తుంది?”

“ముగియడం మన పరిధిలోని విషయం కాదమ్మా. సమానత్వం మన పరిధిలోని విషయం.”

అందుకోసం ఆయన ‘సమన్వయ అధికారి’ అనే ఒకాయన్ని మార్కుల యంత్రం పక్కన కూర్చోబెట్టారు. ఒక జట్టుకు ఒక మార్కు ఎక్కువైతే, ఆయన రెండో జట్టుకు ఒక ‘సౌహార్ద మార్కు’ కలుపుతాడు.

పోటీ మొదలైంది. లోహిత చెబితే ఫయాజ్‌కు మార్కు. ఫయాజ్ చెబితే లోహితకు మార్కు. ప్రశ్నలు అయిపోయాయి. మార్కులు సమానం. చరిత్ర తాత అదనపు ప్రశ్నలు తీశాడు. అవీ అయిపోయాయి. మార్కులు సమానం. వార్తల సమయం వచ్చింది, వార్తలు ఆగాయి. వాతావరణం చెప్పే ఆయన పటం ముందు నిలబడి కునికిపాట్లు పడ్డాడు. మంత్రిగారు కప్పు చేత్తో పట్టుకుని నవ్వు మొహంతో నిలబడి ఉన్నారు. కెమెరా తిరిగినప్పుడల్లా ఆ నవ్వు కొంచెం కొంచెం సన్నబడుతోంది.

తాత దగ్గర ప్రశ్నలు ఖాళీ అయి, “మీ బడి పేరేంటమ్మా?” అని అడగడం మొదలుపెట్టాడు. దానికీ ఇద్దరికీ మార్కులు.

ప్రేక్షకుల్లో లోహిత వాళ్ళమ్మ లేచి, బస్సుకి టైమైందని చేతి గడియారం చూపించింది. లోహిత అది చూసింది. చెయ్యెత్తింది.

“తాతగారూ, నేను ఓడిపోతానండీ.”

జగదానందం గారు వేదిక మీదికి దాదాపు పరుగున వచ్చారు.

“అమ్మా, ఓడిపోయే అధికారం నీకు లేదు. నువ్వు వ్యక్తివి కావు. సున్నపుకోట సంస్థాన ప్రతినిధివి.”

“అయితే నేను ప్రతినిధిని కానండీ,” అని లోహిత కిరీటం తీసేసింది.

“కిరీటం తీయుట పదవీచ్యుతి! పదవీచ్యుతి ఓటమిలో అంతర్భాగం! పెట్టుకో, పెట్టుకో!”

“బస్సెళ్ళిపోతుందండీ. ఇప్పటిదాకా నేను తప్పు చెప్పినా ఒప్పంటున్నారు. ఒప్పు చెప్పినా వాళ్ళకే మార్కులేస్తున్నారు. ఇంకెందుకండీ ఆడటం? నేను ఓడిపోయాను, అంతే.”

ఇది విని ఫయాజ్ ముందుకొచ్చాడు. “సార్, ఓడిపోయేదుంటే నేను ఓడిపోతా. నాకూ ఆకలైతాండాది. ఆ పాప ముందడిగిందని ఆయమ్మికే ఇచ్చేస్తారా?”

“నేనే ముందడిగాను!” అంది లోహిత.

“ముందడిగితే? మా ఊరు దూరం. మదనపల్లెకి పోవాల మేము. నాకే ఇయ్యాల.”

“ఇవ్వను. ఓటమి నాది.”

“నాది!”

ఫయాజ్ స్పాంజి కత్తి తీశాడు. లోహితా తీసింది. జగదానందం గారు “అలంకార నిమిత్తం! అలంకార నిమిత్తం!” అని అరుస్తూ మధ్యలోకి వెళ్ళబోయి, చింతవాగు గుడ్డలో కాలు చుట్టుకుని కూర్చుండిపోయారు.

అటువంటి యుద్ధం లోకంలో ఎక్కడా జరిగి ఉండదు. ఎవరి కత్తీ ఎదుటివాణ్ణి తాకడానికి లేవలేదు. ఫయాజ్ తన కత్తి వెనక్కి దాచుకుని, లోహిత కత్తికి గుండె అడ్డం పెట్టాడు. లోహిత తన కత్తి పారేసి, వాడి కత్తి వెతికి లాక్కుని, దాంతో తన పొట్టలో తనే పొడుచుకుని, “అమ్మా!” అని వెల్లకిలా పడిపోయింది. ఏ కత్తీ తగలకుండానే ఫయాజ్ దబ్బున బోర్లా పడ్డాడు.

“నేను ముందు పడ్డా!”

“నేను ముందు చచ్చిపోయినా!”

నాయకులు పడిపోవడం చూసి రెండు జట్లూ పడిపోయాయి. వాళ్ళను చూసి, ఎంతో సేపటి నుంచి కదలకుండా కూర్చున్న ప్రేక్షకుల పిల్లలు కూడా కుర్చీల మధ్య దొర్లి చచ్చిపోయారు. చరిత్ర తాత ఒక్క క్షణం తటపటాయించి, గడ్డం సరిచేసుకుని, ఎన్నేళ్ళుగానో రంగస్థలం మీద చావడానికి వేషం దొరకని మనిషి కాబట్టి, గుండె పట్టుకుని చాలా సేపు తిరిగి తిరిగి పడ్డాడు.

రాష్ట్రమంతా ఇది ప్రత్యక్షంగా చూసింది. కెమెరా ఎవరి మీద పెట్టాలో తెలియక కెమెరామన్ నేల అంతా చూపించాడు.

“దయచేసి లేవండి!” అని జగదానందం గారు నీలం గుడ్డలోంచి బతిమాలారు. “మీరు మరణించలేదు! సెలవులో ఉన్నారు!”

ఒక్కరూ లేవలేదు.

మంత్రిగారు కప్పును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. “ఇంతకీ ఎవరు గెలిచారమ్మా?” అని పక్కన మైకు పట్టుకు నిలబడ్డ ఇందుమతిని అడిగారు. చెయ్యి లాగేస్తున్నందువల్ల ఆయన గొంతులో నిజమైన కుతూహలం ఉంది.

ఇందుమతి ముందు వరస వైపు చూసింది. ఎడంవైపు కోటిలింగం, ఆయన జనం. కుడివైపు ప్లీడరు. వాగులో డైరెక్టరు. ఉద్యోగం ఎటూ పోయేలా ఉందని ఆమెకు అర్థమైంది. అర్థమయ్యాక ప్రాణం తేలికపడింది.

“సార్, అదనపు మార్కులు తీసేస్తే మదనపల్లె పిల్లలకు ఒక మార్కు ఎక్కువ,” అంది మైకులో. “ముళ్ళగిరి గెలిచింది. సున్నపుకోట ఓడిపోయింది.”

ఎన్నో వారాల తర్వాత ఆ మాట ఆ గోదాములో వినపడింది. కుర్చీలు లేస్తాయని కెమెరామన్ తల దించుకున్నాడు.

లోహిత ఎగిరి లేచింది. “అమ్మా! ఓడిపోయానే! పద పోదాం!” అని వేదిక మీదినుంచి దూకి వాళ్ళమ్మ దగ్గరికి పరిగెత్తింది. వాళ్ళమ్మ సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టింది. హాలంతా కొట్టింది. ఆ ఊపులో కోటిలింగం కూడా కొట్టాడు. కొట్టాక గుర్తొచ్చి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కప్పు అందుకుంటున్న ఫయాజ్ మాత్రం మొహం మాడ్చుకుని, “ఎప్పుడూ ఆడపిల్లోళ్ళకే ఇస్తారు సార్,” అన్నాడు. మంత్రిగారు వాణ్ణి ఓదార్చారు.

జగదానందం గారికి ఆ నెలలోనే ఉద్యానశాఖకు బదిలీ అయింది. అక్కడ ఏ మామిడిపండూ వేరొక మామిడిపండు కన్నా తీపి కాదని ఉత్తర్వు వేశారని విన్నాం. ఇందుమతి ఉద్యోగం ఎందుకో పోలేదు. ఆమెను తీసేయాలంటే ఎవరు తప్పు చేశారో రాయాలి. సంస్థ నిబంధనల ప్రకారం అక్కడ ఎవరూ తప్పు చేయడానికి వీల్లేదు.

కాని ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం బందరు బస్సు నిజంగానే వెళ్ళిపోయింది. మళ్ళీ బస్సుకి ఇంకా సమయముందని లోహితనూ వాళ్ళమ్మనూ ఇందుమతి క్యాంటీనుకు తీసుకెళ్ళి ఉప్మా పెట్టించింది. లోహిత సగం తిని, చెంచా ఆపింది.

“మేడమ్, కాచమ నాయకుడు ఓడిపోయాక ఏం చేశాడండీ?”

ఇందుమతి ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఇన్నాళ్ళలో ఈ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. గెలిచాడా ఓడాడా అని తప్ప.

ఆమె నోరు తెరిచేలోగా గుమ్మంలో కోటిలింగం కనిపించాడు. హాల్లో చప్పట్లు కొట్టిన సిగ్గు తీరడానికి కోపం కూడగట్టుకుని వచ్చినట్టున్నాడు.

“ఏందమ్మా, మళ్ళా ఓడగొట్టారుగా మా రాజుని...”

“కూర్చోండి. ఈ పాపకి అదే చెబుతున్నాను,” అంది ఇందుమతి.

ఆయన కూర్చోలేదు. నిలబడే విన్నాడు.

“ఆ రోజు వాన. వాగు పొంగుతోంది,” అంది ఇందుమతి. “పెద్దిరాజు గెలిచిన సంబరంలో ఏనుగుల్నీ, కాచమ నాయకుడి గుర్రాన్నీ తోలుకుని, నీళ్ళు పెరక్కముందే వాగు దాటి వెళ్ళిపోయాడు. కాచమ నాయకుడు బురదలో నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాడు. దారిలో మూలుగులు వినిపించాయి. చూస్తే ముళ్ళగిరి సైనికులు. దెబ్బలు తగిలి నడవలేనివాళ్ళని వాళ్ళ రాజు అక్కడే వదిలేశాడు.”

“చంపేశాడా వాళ్ళని?” అంది లోహిత.

“లేదు. తన మనుషుల చేత మోయించుకుని కోటకు తీసుకెళ్ళాడు. కోటలోవాళ్ళకే తిండి లేదు. ఉన్న గంజిలో నీళ్ళు పోసి అందరికీ పోశారు. ఆ సైనికులు కోలుకున్నారు. తమ వాళ్ళు కబురు చేస్తారని ఏడాది ఎదురుచూశారు. ముళ్ళగిరి నుంచి ఎవరూ అడగలేదు. అప్పుడు కాచమ నాయకుడు పడమటి దర్వాజా పక్కన వాళ్ళకి ఇళ్ళ స్థలాలిచ్చాడు. ముళ్ళగిరివాళ్ళ బజారని శాసనంలో ఉంటుంది. ఇప్పుడేమో ముళ్ళోళ్ళ బజారంటున్నారు.”

కోటిలింగం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ముళ్ళోళ్ళ బజారా? అక్కడ ముళ్ళకంపలుండేవని ఆ పేరొచ్చిందనుకుంటన్నామే!”

“కంపలు కాదండీ. మనుషులు.”

“మాది ఆ బజారేనండీ,” అన్నాడు కోటిలింగం మెల్లగా. “మా తాతముత్తాతల కాణ్ణుంచీ.”

లోహిత చెంచా పక్కన పెట్టి ఆయన్ని పరిశీలనగా చూసింది, ఎక్కడన్నా దెబ్బ కనిపిస్తుందేమోనన్నట్టు.

కోటిలింగం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “ఇంత కతుంటే ముందే చెప్పొచ్చుగా తల్లీ?”

“ఆయన్ని ఓడిపోనిస్తే కదండీ, చెప్పేది?”

బయట కోటిలింగం మనుషులు వ్యాను హారన్ కొడుతున్నారు. ఆయన కదల్లేదు.

“అయితే ఆ రోజున మేం గెలిచినట్టా అండీ, ఓడినట్టా?”

“మీరు గెలిచినవాళ్ళేనండీ,” అంది ఇందుమతి. “కాకపోతే నడవలేకపోయారు.”